తాయిఫ్ కొండ మీద తైబందీ

మా జిల్లా పోరగాండ్లు నన్ను ఇప్పటికీ "బంగాలోల్ల అల్లుడు" అంటరు. అననీ. ఆ పేరు నేను ఉట్టిగ సంపాదించుకోలె. మా మనుషులతోనే కొట్లాడి, సొంత బావ తోని మాటలు పడి, అక్క నోట తిట్లు తిని సంపాదించుకున్న. నవ్వెటోల్లు నవ్వుతరు, నాకేం నామోషీ లేదు.

నేను వ్యవసాయం పనోన్ని. ఊర్లె అదే పని, సౌదీకొచ్చినా అదే పని. తాయిఫ్ కొండల మీద ఒక మజ్రా ఉంది, అంటే తోట. కొండను మెట్లు మెట్లుగ కోసి, రాళ్ళ గోడలు కట్టి, ఒక్కో మెట్టు మీద మడులు చేసిండ్రు. బాయి పై మెట్టు మీద ఉంటది. పై మెట్లల్ల మేం తెలంగాణోల్లం, కింది మెట్లల్ల బంగ్లాదేశ్ నుంచి వచ్చిన బంగాలోల్లు. టమాట, మిర్చి, దోస, సొర లెక్కన ఉండే ఇక్కడి కూసా కాయ, ఇవీ మా పంటలు, ఎవరి సాళ్ళు వాళ్ళమే చూసుకుంటం. మోటరు బాయి నుంచి నీళ్ళు తోడుతది. ఒక వాల్వు తిప్పితే మా మడులకు, ఇంకో వాల్వు తిప్పితే మట్టి కాలువల ఎంబడి కిందికి. ఒకనాడు మాకు, ఒకనాడు వాళ్ళకు. ఏండ్ల నుంచి గట్లనే నడిచింది, ఎవ్వలకు లొల్లి లేదు.

మాకు మేస్త్రీ మా బావనే. మా అక్క పెనిమిటి, మా ఊరోడే. నాకు వీసా తెచ్చింది ఆయన, విమానం దిగినంక మొదటి ముద్ద పెట్టింది ఆయన. ఆ సంగతి నేను మరవలె, ఆయన మరవనియ్యలె.

ఆ ఏడు కొండల మీద వానలు మొకం చాటేసినయి. బాయిల నీళ్ళు అడుక్కు పోయినయి. మోటరు కొద్దిసేపు నడిచి బుస్సుమని గాలి కక్కుడు మొదలుపెట్టింది. మా కఫీల్ ముసలాయన, తోట యజమాని, ఒకనాడు వచ్చి బాయిలకు తొంగి చూసిండు. మంచి మనిషే, కానీ ఎండిన తోట మీద ఎవలికి దయ మిగుల్తది? అందర్ని పిలిచి తెగేసి చెప్పిండు. "నీళ్ళు సగానికే ఉన్నయి. సగం మందినే నేను సాదగల్గుత. ఈ పంట కారు అయ్యేదాంక చూస్త. ఎవరి మెట్లు పచ్చగుంటయో వాళ్ళుంటరు. మిగిలినోల్లకు ఖురూజ్."

ఖురూజ్ అంటే మా దిక్కు పసిపోరగాండ్లకు గూడ ఎరుకే. మూటా ముల్లె సర్దుకొని ఇంటికి పోవుడు, మల్ల రాకుండ. పెద్ద బంగాలీ, వాళ్ళందరికీ పెద్దదిక్కు, నెత్తి మీద టోపీ తీసి చేతిల పట్టుకొని నిలబడ్డడు. తెల్ల గడ్డం, మెత్తటి మనిషి. వాళ్ళ ఊర్లె నది ఒడ్డు కోసుకపోయి ఇల్లూ పొలం రెండూ నీళ్ళల్ల కలిసినయట. ఆయనకు తిరిగి పోతానికి ఊరు పేరు ఉంది గని ఊర్లె జాగ లేదు.

తెల్లారి లేచి చూస్తే మా బావ కిందికి పోయే వాల్వు గట్టిగ బిగించి, దాని మీద బండ పెట్టిండు. మనోల్లు మొకాలు చాటంత చేసుకొని నవ్విండ్రు. బాయి మన దిక్కే ఉండే, మన నసీబు మంచిగుండే, ఇంకేం కావాలె అన్నరు. పెద్ద బంగాలీ పైకెక్కి వచ్చి, "భాయ్, ఆజ్ హమారా బారీ హై" అన్నడు మెల్లగ. ఇయ్యాల మా వంతు అని. మా బావ ఆయన దిక్కు సూడకుంటనే "మోయా మాఫీ" అన్నడు. నీళ్ళు లెవ్వు. బాయిల మోటరు నడుస్తనే ఉంది, మా మడులల్ల నీళ్ళు పారుతనే ఉన్నయి. లెవ్వట!

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ముసలోడు వెనకకు తిరిగి మెట్లు దిగుతుంటే ఆ వీపు చూసిన. పోయి బండను దొర్లించి వాల్వు తిప్పి దాని మీద కూసున్న.

"ఏం రా, పిచ్చి లేచిందా?" అన్నడు బావ.

"లేచింది. ఇయ్యాల వాళ్ళ వంతు."

ఇగ చూస్కో! ఒకడు అంగి పట్టి గుంజిండు, ఒకడు పార కామతోని బెదిరించిండు. "మనోడివై ఉండి పరాయోల్లకు వత్తాసా?" అన్నరు. బావైతే "తిన్నింటి వాసాలు లెక్కపెడుతున్నవ్ రా! వీసా తెచ్చినోన్ని నేను, నన్నే కాదంటవా?" అన్నడు. "వీసా తెచ్చినవ్ బావా, న్యాయం తేలె" అన్న. ఆయన మొకం ఎర్రగైంది. నన్ను లేవనెత్తి అవుతల పారేసే బలం ఆయనకుంది, నాకెరుకే. మధ్యల మా అక్క మొకం అడ్డం వచ్చింది, గందుకే చెయ్యి లేవలె. కానీ ఆ పొద్దే నా పరుపు, పెట్టె రూము బైట పెట్టిచ్చిండు.

తెగించినోనికి తెడ్డే లింగం. పరుపు భుజాన వేసుకొని కింది మెట్లకు పోయిన. బంగాలోల్లు అల్లుడొచ్చినట్టు జాగ చేసిండ్రు, ఆ పేరు గప్పుడే పడ్డది. చేప, అన్నం, ఆవాల నూనె వాసన. మొదట ముక్కు మూసుకున్న, తర్వాత కంచం నాకిన, అబద్ధమెందుకు? అక్కకు ఫోన్ల బావ ఏం చెప్పిండో ఏమో, వీడియో కాల్ చేసి ఏడుపు లంకించుకుంది. "మీ బావ ముంగట తలకాయ ఎత్తుతున్నవట! నా కాపురంల నిప్పులు పోస్తవా రా?" అంది. నేనేం చెప్పాలె? ఫోను తిప్పి కింది మెట్లల్ల తలకాయలు వాల్చిన టమాట నారు చూపిచ్చిన. ఆమె గూడ రైతు బిడ్డనే గదా. ఏడుపు ఆపింది. "తిన్నవా?" అని అడిగి పెట్టేసింది.

ఇగ ఒకనాడు మాకు, ఒకనాడు వాళ్ళకు మల్ల వంతు నడిచింది. నేను వాల్వు కాడ కావలి, బావనే చెయ్యి ఎత్తకపోతే నన్ను లేపే ధైర్యం ఇంకెవ్వలకూ లేకపాయె. గెలిచిన అనుకున్న, మీసం మెలేసిన. నా బొంద గెలుపు! నీళ్ళు తక్కువైనప్పుడు మట్టి కాలువ దయ్యం తీరు తాగుతది. పైన ఇడిచిన నీళ్ళు కింది మడికి చేరేలోపు సగం కాలువనే మింగింది. కింద మడులు తడవలె, పైన మా మడులు వంతు దాటి దాటి నెర్రెలు వడ్డయి. రెండు దిక్కుల ఆకు ముడుసుకున్నది. మనోల్లు దొరకవట్టిండ్రు. "చూడు నీ ధర్మం! వాళ్ళు బతుకలె, మమ్ములను బతకనియ్యవైతివి. ఇప్పుడు అందరికీ ఖురూజే." నాకు భయమైంది, నిజంగ భయమైంది. ఆ పెద్ద బంగాలీ నా భుజం మీద చెయ్యి వేసి "ఛోడో భాయ్" అన్నడు, ఇడిచిపెట్టమని. గది ఇంకా కాలింది నాకు.

ఎండిన కాలువ గట్టు మీద కూసొని ఆలోచన చేస్తుంటే మా ఊరి చెరువు యాదికొచ్చింది. మా దిక్కు చెరువు నిండని ఏడు ఒక పద్ధతి ఉండేది. తైబందీ అంటరు. చెరువుల ఉన్న కొద్ది నీళ్ళు ఆయకట్టు అంతటికీ పారియ్యరు, పారిస్తే తొవ్వలనే ఇంకిపోతయి. తూముకు దగ్గరున్న మడులకే పారిస్తరు. మరి కొసకున్న మడులోల్లు ఏం తినాలె? పెద్దమనుషులు, నీళ్ళు కట్టే నీరటి కూడి, తూము కింది మడులనే తాడు పట్టి ఊరందరికి పంచుతరు. మడి ఎవలదన్న కానీ, ఆ కారు పంట మాత్రం వాటా వచ్చినోనిది. కారు ఒడిసినంక మడి మల్ల అసలు ఆసామిది. నీళ్ళను మనిషి కాడికి తోలుడు కాదు, మనిషినే నీళ్ళ కాడికి తెచ్చుడు. నేను చేసిన తప్పు గదే. నీళ్ళను కిందికి పంపిన, మనుషులను పైకి పిలవలె.

శుక్రవారం, అందరికీ సెలవు. బంగాలోల్లు నమాజు చేసుకొని వచ్చినంక వాళ్ళను తోల్కొని బాయి కాడికి ఎక్కిన. మనోల్లందరు అక్కడనే ఉన్నరు. "కింది మెట్లు ఈ కారుకు ఇడిచిపెడదాం. వీళ్ళు పైకొస్తరు. మన సాళ్ళల్ల సగం వీళ్ళకు" అన్న.

ఇగ కాకులగోలనే. నీళ్ళడిగినోడు ఇప్పుడు భూమే అడుగవట్టె! రేపు మన పక్కబట్టలు గూడ అడుగుతడు! "ముందుగాల నీ సాళ్ళు ఇయ్యి" అని ఒకడు ఒర్రిండు. "ఇస్త" అన్న. నా సాళ్ళు బాయికి ఆనుకొని ఉంటయి, తోటల అంతకన్న మంచి టమాట లేదు, ఎండల గూడ పూత పట్టింది. పెద్ద బంగాలీ చెయ్యి పట్టుకపోయి వాటి నడుమ నిలబెట్టిన. "ఇటు నీది, అటు నాది."

బావ నవ్విండు. "నీవి ఇచ్చుకో. నా సాళ్ళ దిక్కు చూస్తే కండ్లు పీకుత."

నేను ఆ మాట అనకపోదును. కానీ ఆ నవ్వు చూసి నోరు ఆగలె.

"బావా, మనం చిన్నగున్నప్పుడు చెరువు అడుగంటిన ఏడు యాదుందా? మాది తూము కింది మడి. మీది ఎక్కడ? కొసకు. బొట్టు నీళ్ళు ఎక్కని కొస మడి. ఆ ఏడు మీ నాయిన ఎవరి మడిల నాటేసిండు? మా మడిల. మీ అవ్వ నారు పీకుతుంటే నువ్వు మా ఒడ్డు మీద కూసొని సద్ది తినలేదా? మా నాయిన మీ నాయిన వంతు మీద బండ పెట్టిండా? పెడితే ఇయ్యాల నువ్వు మేస్త్రీవి గాదు, పట్నంల కూలోనివి."

మనోల్లు నేల చూసిండ్రు. హిందీల ఒక్క ముక్క గూడ నేను చెప్పలె, అయినా బంగాలోల్లకు ఏదో పెద్ద మాట అన్నడని సమజైంది. బావ దవడలు బిగిసినయి. కొడతడనుకున్న. కొట్టలె. పార అక్కడనే పడేసి రూముకు పోయిండు. ఆ పూట నేను అన్నం తినలేకపోయిన. అన్న మాట నిజమే, కానీ మనిషిని అందరి ముంగట అట్ల విప్పి నిలబెడితిని.

పొద్దున పైకెక్కితే బావ అప్పటికే మడిల ఉన్నడు. చేతిల తాడు. తన సాళ్ళకు అడ్డంగ తాడు గుంజి, మొల పాతిండు. నా దిక్కు సూడలె. "ఆ బంగాలీ ముసలాయనను రమ్మను. ఎండ పడకముందే పాదులు తియ్యాలె" అన్నడు. నా కండ్లల్ల నీళ్ళు తిరిగినయి. ఆయన చూడకుండ మొకం తుడుసుకున్న. మేస్త్రీనే తాడు పట్టినంక మిగిలినోల్లు ఏమంటరు? గొణుక్కుంటనే, సణుక్కుంటనే, తమ తమ సాళ్ళల్ల మొలలు పాతిండ్రు.

కాలువ మింగుడు బంద్ అయినంక అవే నీళ్ళు సరిపోయినయి. చేతులు రెండింతలైనయి, పని ఎగిరిపోయింది. బంగాలోల్లు కింది మెట్లల్ల ఎండిన చెత్త, గడ్డి మోసుకొచ్చి మొక్కల మొదట్ల పరిచిండ్రు, తడి ఆరలె. మనోల్లు మిర్చి ఎక్కువ పెడదామని, వాళ్ళు వంకాయ కావాలని మస్తు కొట్లాడిండ్రు. అయ్యేం కొట్లాటలు, ఒక ఇంట్ల తోడికోడండ్ల పంచాయితీలు. మల్ల ఒక్క ఒడ్డు మీదనే కూసొని చాయ్ తాగిండ్రు.

కారు ఒడిసే రోజుల్ల కఫీల్ వచ్చిండు. బండి కిందనే ఆపి, ఎండిన కింది మెట్లను చూసుకుంట ఎక్కిండు. మొకం ముడుసుకపోయి ఉంది. పెద్ద బంగాలీ పెదవులు కదుపుతున్నడు, దువా చేస్తున్నడు. పైమెట్టు ఎక్కి కఫీల్ ఆగిపోయిండు. ఎర్రగ టమాటలు, గుబురుగ మిర్చి, కూసా కాయలు ఆకుల కింద నిండుగ పండుకున్నయి. నడుమల కూలీలందరు, అందరు. ఆయన ఒక టమాట తెంపి చేతిల తూచి, బావను అడిగిండు.

"కిందోల్ల మెట్లు ఎండినయి. నా మాట నా మాటనే. పైనోల్లు ఉంటరు, కిందోల్లు పోతరు. కానీ ఇంత పంట వీళ్ళు గూడ చేసినట్టున్నరు. వీటిల వాళ్ళ సాళ్ళు ఏవో చూపియ్యి."

చూపిస్తే అయిపాయె. తాడు ఇంకా ఉంది, మొలలు ఇంకా ఉన్నయి. ఈ సాలు వాళ్ళది, ఆ సాలు మాది అంటే, పంట చూసి లెక్క కట్టి, మంచోన్ని ఉంచి మిగిలినోన్ని పంపుతడు. అందరం బావ దిక్కు చూసినం.

మా బావ వంగిండు. ఒక్కొక్క మొల పీకుకుంట పోయిండు. తాడు చుట్టి చంకల పెట్టుకున్నడు. వచ్చి కఫీల్ ముంగట నిలబడి, ఆయనకొచ్చిన అరబ్బీల అన్నడు. "ఇవి కిందోల్లవి, ఇవి పైనోల్లవి అని ఏరుడు నాతోని కాదు బాబా. మా ఊర్లె నేను గూడ కిందోన్నే. వీని నాయిన మడిల పండింది తిని పెరిగిన. వీళ్ళను పంపితే నన్ను గూడ పంపు."

ముసలాయన మా బావను చూసిండు, నన్ను చూసిండు, పెద్ద బంగాలీ తెల్ల గడ్డాన్ని చూసిండు. టమాట కొరికిండు. రసం గడ్డం మీద కారింది, తుడుసుకోలె. "ఖురూజ్ ఎవ్వలకూ లేదు. కింది మెట్ల కాడికి వచ్చే ఏడు పైపు వేయిస్త" అన్నడు.

అప్పుడు చూడాలె! కొండ దద్దరిల్లేటట్టు అరిచినం. బంగాలోల్లు ఉరికొచ్చిండ్రు. నన్ను ఎత్తుకుంటరనుకొని నేను సిగ్గుతోని ఒక అడుగు ఎనకకు గూడ వేసిన. వాళ్ళు నన్ను దాటేసి పోయి మా బావను భుజాల మీదికి లేపిండ్రు. వద్దు వద్దని కాళ్ళు కొట్టుకుంట, నవ్వుకుంట, ఏడ్చుకుంట మా బావ వాళ్ళ నెత్తుల మీద ఊగుతుంటే, అందరికన్న గట్టిగ ఒర్రింది నేనే.