సుగుణక్క చేయెత్తిన రోజు

ఐస్ రింక్ తలుపు తోసుకుని అబుదాబి ఎండలోకి అడుగు పెట్టగానే కళ్ళజోడు అద్దాల మీద ఆవిరి కమ్ముకుంటుంది. కాసేపు ఏమీ కనిపించదు. అప్పుడే నాకు సుగుణక్క గుర్తొస్తుంది. అలా గుడ్డిదానిలా నిలబడిపోయిన నన్ను చూసి పకపకా నవ్వి, చెయ్యి పట్టుకుని బస్సు దాకా నడిపించేది ఆవిడే.

సుగుణక్క మా ఆసుపత్రిలో సీనియర్ నర్సు. పాలకొల్లు మనిషి. కోవిడ్ వార్డు డ్యూటీలతో మా నడుములు విరిగాక, రింక్ వాళ్ళు ఆసుపత్రి సిబ్బందికి కర్లింగ్ ఉచితంగా నేర్పుతామన్నారు. మొదట పేరిచ్చింది ఆవిడే. రెండో పేరు నాది, నన్ను అడక్కుండానే ఇచ్చేసింది. "మంచు మీద రాళ్ళు తోసుకోవడం కూడా ఒక ఆటేనా అక్కా?" అని మొత్తుకున్నాను. "చల్లగా ఉంటది, రావే. యల్లా!" అంది. ఇద్దరు ఫిలిప్పీన్స్ నర్సులు కలిశారు, జట్టయ్యాం. పిడి ఉన్న బరువైన గ్రానైట్ రాయిని మంచు మీద జారవిడిచి, దూరాన గీసిన వలయం నడిబొడ్డున ఆపాలి. రాయి ముందు బ్రష్షులతో మంచు రుద్దుకుంటూ పరుగెత్తాలి. దీనికీ అంట్లు తోమడానికీ తేడా ఏమిటని నేను వెక్కిరిస్తే, "అంట్లు తోమితే ఎవరైనా చప్పట్లు కొట్టారేంటే నీకు?" అనేది.

ఆట మొదలయ్యే ముందు ప్రతి జట్టూ ఒక్కో రాయి వేస్తుంది. ఎవరిది నడిబొడ్డుకు దగ్గరగా ఆగితే వాళ్ళకు చివరి రాయి వేసే అవకాశం దక్కుతుంది. చాలామంది దాన్ని మొక్కుబడిగా వేసేసేవారు. సుగుణక్క మాత్రం పసిబిడ్డకు సూది వేస్తున్నంత జాగ్రత్తగా వేయించేది. "ఈ దూరాలన్నీ రాసుకుంటారే. రేపు జట్లు సమానమైతే తేల్చేది ఇవే" అనేది. నాకు ఒళ్ళు మండేది. అసలాట వదిలేసి ఈ చాదస్తమేమిటి!

ఆవిడ ఉద్యోగం ముగిసే ఏడాది మా రింక్‌లో ఛాంపియన్‌షిప్ జరిగింది. ఐదు జట్లు. అందరూ అందరితో ఆడాక మొదటి రెండు జట్లకే ఫైనల్. "ఒక్కసారి ఫైనల్ ఆడి వెళ్ళిపోతానే. ఆ తర్వాత ఖలాస్" అంది. నవ్వుతూనే అంది గానీ కళ్ళు నవ్వలేదు. వచ్చే ఏడాది అనేది ఆవిడకు లేదు. ఆ ఫైనల్ నాకు ఆవిడకంటే ఎక్కువ కావాలనిపించింది.

ఫైనల్‌కు ముందు మా చివరి ఆట. మొదలుపెట్టే ముందు దూరం కొలిచే ఆ రాయిని నేను వదిలాను. అంత చక్కటి రాయి నేనెన్నడూ వేయలేదు. సుగుణక్క దాని ముందు మంచు రుద్దుతూ వచ్చింది. రాయి సరిగ్గా నడిబొడ్డున ఆగింది. నేను గాల్లోకి ఎగిరాను. ఆవిడ మాత్రం అంపైర్ వైపు చేయెత్తింది.

"నా బ్రష్ తగిలింది" అని చెప్పింది.

ఎవరూ చూడలేదు. అంపైర్ కూడా చూడలేదు. నియమం ప్రకారం బ్రష్ తగిలిన రాయి వలయం బయట ఆగినట్టే లెక్క. నాకు ఏడుపొచ్చేసింది. "ఎందుకు చెప్పారక్కా? ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలిసిపోయిందిగా! పద, ఆట ఆడాలి."

ఆ ఆట గెలిచాం. అయినా చిక్కు తీరలేదు. ఒక జట్టు అన్నీ గెలిచి ఫైనల్ చేరింది. రెండో చోటుకు మూడు జట్లు సమానంగా నిలిచాయి. వాటిలో మేం ఒకరిని ఓడించాం, వాళ్ళు ఇంకొకరిని ఓడించారు, ఆ ఇంకొకరు మమ్మల్ని ఓడించారు. ఇక తేల్చేది ప్రతి ఆటకూ ముందు వేసిన ఆ రాళ్ళ దూరాల సగటే. అయిపోయింది అనుకున్నాను. కోపమో దుఃఖమో తెలియక బూట్లు విప్పేసుకుని కూర్చున్నాను.

అంపైర్ వచ్చి మా జట్టు పేరే చదివాడు! ఎలాగని అడిగితే, సగటు కట్టేముందు ప్రతి జట్టుకూ అన్నిటికంటే చెడ్డ దూరాన్ని ఒకదాన్ని తీసేస్తారని చెప్పాడు. మిగిలిన మా రాళ్ళన్నీ అక్క చాదస్తం పుణ్యమా అని నడిబొడ్డు చుట్టుపక్కలే ఆగాయి.

"మీకు ముందే తెలుసా అక్కా?"

"తెలీదే పిల్లా. తెలిసుంటే ఇందాక ప్రార్థనెందుకు చేసుకుంటాను? ముందు బూట్లేసుకో."

ఫైనల్లో ఓడిపోయాం. చివరి రాయి దాకా లాక్కెళ్ళి మరీ ఓడాం. గెలిచినవాళ్ళు ఓడినవాళ్ళకు ఏదైనా తాగించడం ఈ ఆటలో ఆచారం. వాళ్ళు కరక్ చాయ్ తెప్పించారు. సుగుణక్క పెళ్ళిలో కూర్చున్నట్టు కూర్చుని రెండోది కూడా అడిగి తాగింది. ఆవిడను అంత సంతోషంగా నేనెప్పుడూ చూడలేదు.

ఇప్పుడు మా వార్డు బాధ్యత నాది. కొత్తగా వచ్చిన అమ్మాయిలు అప్పుడప్పుడు ఏదో పొరపాటు చేసి, చెప్పాలా వద్దా అని తలుపు దగ్గరే తచ్చాడుతుంటారు. వాళ్ళ భయం నాకు దూరం నుంచే తెలిసిపోతుంది. చేతిలో పని పక్కన పెట్టి కుర్చీ లాగుతాను.

"వచ్చావుగా తల్లీ, సగం పని అయిపోయింది. కూర్చుని చెప్పు" అంటాను.