మా బడి గేటు దగ్గర స్టీరింగమ్మ

మా వీధిలో స్టీరింగమ్మ గురించి ఒక మాట తిరుగుతోంది. ఆవిడ ఇదివరకు పెద్ద రోడ్డు మీద ఎక్స్‌ప్రెస్ బస్సు నడిపేదట. ఎవరినో గుద్దేసిందట. డిపో వాళ్ళు శిక్షగా ఆ రూటు పీకేసి, మా సందుల్లో తిరిగే రూటు తగిలించారట. అందుకే కాపురం కూడా ఇక్కడికి మార్చేసిందట. ఈ 'అట'లన్నీ మా తోడికోడలి వసారాలో పుట్టినవే. ఆవిడ చెవిలో పొద్దున ఒక మాట పడితే సాయంత్రానికి దానికి కాళ్ళూ చేతులూ మొలుస్తాయి.

ఆ మాట తప్పు. నేను గాలి కబురు చెప్పడం లేదు. బస్సెక్కి డిపోకి వెళ్ళి, డ్యూటీలు వేసే గుమాస్తా ఎదురుగా కూర్చుని కనుక్కొచ్చిన సంగతి చెబుతున్నాను. ఆవిడను ఎవరూ మా రూటులోకి నెట్టలేదు. తనే అడిగి వేయించుకుంది. ఎందుకు అడిగిందన్నదే అసలు కథ.

వాళ్ళు మా ఎదురింటి మేడ మీదికి దిగిన రోజు నాకు బాగా గుర్తు. కింద టైలర్ షాపు, పైన రెండు గదులూ ఒక వంటిల్లూ. మెట్లు ఇరుకు. పరుపు మలుపులో ఇరుక్కుపోతే కింద నుంచి ఒకావిడ, బస్సు డ్రైవర్ల ఖాకీ చొక్కాలోనే, "ఎడమకి కొట్టు, ఇంకొంచెం, ఆఁ, ఇప్పుడు రివర్స్!" అని అరుస్తోంది. స్టీరింగమ్మ అన్న పేరు ఆ క్షణమే నా నోట్లోంచి వచ్చింది. పైనుంచి పరుపు లాగుతున్నాయన ఆవిడ భర్త. కళ్ళద్దాల షాపులో అద్దాలు అరగదీసే పని ఆయనది.

ఆవిడ నిగనిగలాడే నలుపు. జుట్టు స్ప్రింగుల్లా చుట్టలు చుట్టుకుని ఉంటుంది. ఆయన పాలిపోయినంత తెలుపు, ముఖం నిండా గోధుమరంగు చుక్కలు, రెండు నిమిషాలు ఎండలో నిలబడితే కందిపోతాడు. ఇద్దరి పూర్వీకులూ రెండు వేర్వేరు సముద్రాల అవతలి వాళ్ళట. తొమ్మిదేళ్ళ పిల్ల అచ్చం తండ్రి తెలుపు. నాలుగేళ్ళ బుడ్డోడు అచ్చం తల్లి నలుపు.

"ఇద్దరూ వీళ్ళ పిల్లలేనంటావా?" అంది మా తోడికోడలు నా భుజం మీంచి తొంగిచూస్తూ.

"నీకెందుకే?" అన్నాను. అన్నానే గానీ నాకూ ఆగలేదు. ఫ్లాస్కు నిండా టీ పోసుకుని మెట్లెక్కేశాను. ఊరికే వెళితే బాగుండదు కదా.

"ఇద్దరూ మీ పిల్లలేనా అమ్మాయ్?" అని అడిగేశాను, కప్పులింకా కడగకముందే.

ఆవిడ నన్ను ఎగాదిగా చూసి ఫక్కున నవ్వింది. "ఇద్దరూ మా వాళ్ళే పెద్దమ్మా. రంగులు పంచేసుకున్నారు. పెద్దది ముందే వచ్చి వాళ్ళ నాన్నది లాక్కుంది, వీడికి నాది మిగిలింది."

ఆ పెద్దది వంటింట్లో తమ్ముడితో గలగలా మాట్లాడుతోంది. గుమ్మం దగ్గర నన్ను చూసింది. కుళాయి కట్టేసినట్టు మాట ఆగిపోయింది. నేను బడి సంగతి అడిగాను, పేరు అడిగాను, నా కళ్ళద్దాలు తీసి చేతికిచ్చాను. ఉహూఁ. నోరు విప్పితే ఒట్టు.

వారం తిరక్కుండానే ఆవిడ చొక్కా జేబు కుట్టు ఊడితే నేను కుట్టిపెడుతూ ఆరా తీశాను. అప్పుడు చెప్పింది. ఇదివరకు ఉన్న చోట బడి పెద్దదే, పేరున్నదే. బడి వదిలే వేళకి ఈవిడ వెళ్ళినప్పుడల్లా గేటు దగ్గర కాపలా మనిషి ఈవిడ దారికి అడ్డం నిలబడేవాడు. "ఏ ఇంటి ఆయావి? కార్డేదీ?" అనేవాడు. తల్లినని చెప్పినా కార్డు చూపించాల్సిందే. దాని మీద ఫొటో, స్టాంపు. రోజూ చూపించేది. ఒకనాడు పిల్ల తనే ముందుకొచ్చి, "మా అమ్మే" అంది. అతను నవ్వి, "సర్లే పాపా, ముందు కార్డు చూడనీ" అన్నాడు. ఆ మర్నాటి నుంచి పిల్ల ఇంటి గడప దాటితే మాట లేదు. టీచర్లకి జవాబు లేదు, లెక్కలన్నీ వచ్చి కూడా సున్నాలు తెచ్చుకుంది. అప్పటికి పదకొండు నెలలు.

"నా మాట నమ్మనప్పుడు నేను మాట్లాడటం ఎందుకు? అని అడిగింది నన్ను. అంత చిన్నపిల్ల పెద్దమ్మా," అంది. నేను సూది వేలికి గుచ్చుకున్నాను.

నేను డిపోకి పరిగెత్తింది ఆ తర్వాతే. గుమాస్తా మంచి మనిషి, కాకపోతే తనకి తెలియని సంగతి ఇంకొకరు చెబితే ఒప్పుకోడు. "గుద్దడమా? పదకొండేళ్ళలో అద్దానికి గీత కూడా పడలేదు ఆవిడ చేతిలో. ఎవరండీ అన్నది?" అని కుర్చీలోంచి లేచాడు. ఆ తర్వాత గోడ మీద డ్యూటీ బోర్డు చూపించాడు. అక్కడ డ్రైవర్లు ఒకరి రూటు ఒకరు మార్చుకోవచ్చు, ఇద్దరూ ఒప్పుకుని బోర్డు మీద రాస్తే చాలు. "అందరూ ఎక్స్‌ప్రెస్ రూటు కోసం కొట్టుకుంటారు. ఈవిడ దాదాపు పది నెలల పాటు దాన్ని వదిలేసి, ఎవరికీ అక్కర్లేని రూట్లు అడిగి తీసుకుంది. ఒక్కో రూటూ ఆరు వారాలు. అన్నీ మధ్యాహ్నం షిఫ్టే. మాకెవరికీ అర్థం కాలా. పిచ్చి పట్టిందేమో అనుకున్నాం."

నాకు అర్థమైంది. ఆ రూట్లన్నీ బడి వదిలే వేళకి ఏదో ఒక బడి ముందు నుంచి వెళ్ళేవే. మొత్తం ఏడు బళ్ళు. బస్సు అద్దంలోంచి ఏడు గేట్లు చూసింది. వెనక సీట్లలో పిల్లల మాటలు విన్నది. ఏ బడి పిల్లలు బస్సెక్కాక కూడా లెక్క గురించి కొట్లాడుకుంటున్నారు, ఏ బడి పిల్లలు టీచర్ పేరు చెప్పగానే ముఖం ముడుచుకుంటున్నారు, ఎవరి పక్కన ఎవరూ కూర్చోవడం లేదు, అన్నీ చూసుకుంది. మా బడి ఎదురుగానే బస్సు ఆఖరి స్టాపు. అక్కడ నాలుగు నిమిషాలు బస్సు ఆపాలి. ఆ నాలుగు నిమిషాలూ చూసి చూసి, ఆఖరికి మా వీధిలో ఇల్లు వెతుక్కుని, పొద్దుటి షిఫ్టుకి మారింది.

మా బడి మంచిదని నేను చెప్పుకోకూడదు, ఐదు క్లాసులు అక్కడే వెలగబెట్టాను. అయినా చెబుతాను. క్లాసుకి పాతికమందికి మించరు. పుస్తకాల గదికి తాళం వెయ్యరు. లెక్కల టీచరు సమాధానం తప్పైనా దారి బాగుంటే సగం మార్కులిస్తుంది. కానీ ఆ బడికి ఒక గేటుంది, ఆ గేటుకి ఒక గంటమ్మ ఉంది.

గంటమ్మ పని గంట కొట్టడం, బడి వదిలాక పిల్లల్ని అప్పజెప్పడం. పెద్దవాళ్ళ మాట ఆవిడకి పనికిరాదు. ఒక్కొక్క పిల్లనీ గేటు లోపల నిలబెట్టి, "ఎవరొచ్చారూ?" అని అరుస్తుంది. పిల్ల చెయ్యి చూపించి, "మా బాబాయ్!" "మా అమ్మమ్మ!" అని బస్సు స్టాపుకి వినపడేలా అరవాలి. గొంతు తగ్గితే, "వినపడలా!" అంటుంది. చిన్నప్పుడు మేమంతా అరిచిన వాళ్ళమే. ఈ పద్ధతి గంటమ్మ వాళ్ళమ్మ హయాంలో మొదలైంది. ఒక వాన రోజున, చూపు ఆనని ఒక తాతగారు ఒకే రంగు రెయిన్‌కోటు చూసి, తన మనవరాలిని వదిలేసి ఇంకొకరి పిల్లని ఇంటికి తీసుకుపోయాడు. ఆ పిల్ల కిక్కురుమనకుండా వాళ్ళింట్లో పాలు తాగి, బిస్కెట్లు తిని, నిద్రపోయింది కూడా. అసలు మనవరాలు ఏడుస్తూ ఇల్లు చేరాక గానీ సంగతి బయటపడలేదు. ఆ బిస్కెట్ల పిల్ల ఎవరో కాదు, మా తోడికోడలే. పుట్టి బుద్ధెరిగాక ఆవిడ నోరు మూసుకున్నది ఆ ఒక్క పూటే.

ఇక ఊహించుకోండి. బయట మాటే లేని పిల్లని తెచ్చి ఈ గేటు లోపల నిలబెట్టింది స్టీరింగమ్మ.

మొదటి రోజు, "ఎవరొచ్చారూ?" అంది గంటమ్మ. పిల్ల తల్లిని చూసింది, నేలను చూసింది. పక్కకి జరిపారు. పిల్లలంతా వెళ్ళిపోయారు. మళ్ళీ అడిగింది. లేదు. నేను గేటు బయటే ఉన్నాను, నా మనవడి కోసం. "అది వాళ్ళమ్మేనే, నాకు తెలుసు కదా!" అన్నాను.

"నువ్వు చెబితే సరిపోతుందా అక్కా? నీ మనవడి సంగతి చూసుకో," అంది గంటమ్మ.

ఆఖరికి ఆవిడే ఒక దారి కనిపెట్టింది. పిల్ల చెప్పలేదు కాబట్టి తల్లికి అప్పజెప్పదు. పిల్లని బడిలో ఉంచలేదు కూడా. అందుకని తనే చెయ్యి పట్టుకుని ఇంటిదాకా తీసుకెళుతుంది. ముందు గంటమ్మా పిల్లా, పది అడుగుల వెనక ఖాకీ చొక్కాలో కన్నతల్లి. మెట్లెక్కాక పిల్ల తన సంచిలోంచి తాళంచెవి తీసి తలుపు తీసింది. "ఆఁ, ఇల్లు దీనిదే," అని తృప్తిగా దిగిపోయింది గంటమ్మ.

పదిహేడు రోజులు ఈ ఊరేగింపు. భర్త వచ్చినా అంతే, రంగు కలిసినంత మాత్రాన గంటమ్మ వదల్లేదు. వీధంతా బాల్కనీల్లోకి వచ్చి చూసేది. మా తోడికోడలు, "పంతం కాకపోతే ఏమిటి, మూగపిల్లని అలా నిలబెడతారా?" అని నలుగురికీ చెప్పింది. హెడ్మాస్టరమ్మ కూడా జాలిపడింది. స్టీరింగమ్మని గదిలోకి పిలిచి, "మీ వరకు ఒక కార్డు రాసిస్తాను, చూపించి తీసుకెళ్ళండి. గంటమ్మకి నేను చెబుతాను," అంది.

స్టీరింగమ్మ లేచి నిలబడి, "కార్డు వద్దు మేడం. ఎన్నాళ్ళైనా వెనకాల నడుస్తాను," అందట. ఆ సాయంత్రం మాత్రం మా మెట్ల మీద కూర్చుని, "పిల్లతో జూదం ఆడుతున్నానా పెద్దమ్మా? ఇక్కడా నోరు విప్పకపోతే ఇంకెక్కడికీ తీసుకెళ్ళలేను," అంది.

పద్దెనిమిదో రోజు. రోజూ కొడుకుని తీసుకెళ్ళే పనమ్మాయి రాలేదని హెడ్మాస్టరమ్మ భర్త స్వయంగా వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, పెద్ద ఉద్యోగం, చేతిలో కారు తాళాలు. ఆ కుర్రాడు పొద్దున్నే తండ్రి చేత చీవాట్లు తిన్నాడో ఏమో, మూతి ముడుచుకుని ఉన్నాడు.

"ఎవరొచ్చారూ?" అంది గంటమ్మ.

"ఎవరో. నాకు తెలీదు!" అని అరిచాడు వాడు.

గేటు బయట నవ్వులు. "ఒరేయ్!" అన్నాడు తండ్రి. గంటమ్మ వాణ్ణి పక్కకి జరిపి, ఆయన వైపు తిరిగి, "పక్కన నిలబడండి బాబూ, లైను ఆగుతోంది," అంది. పక్కన అంటే స్టీరింగమ్మ పక్కనే. ఇద్దరూ ఒకే గోడకి ఆనుకుని నిలబడ్డారు, ఖాకీ చొక్కా, ఇస్త్రీ చొక్కా.

ఆయన ముఖం ఎర్రబడింది. జేబులోంచి తళతళలాడే కార్డు తీశాడు. ఫొటో ఉంది, స్టాంపు ఉంది. "చూడు, నేనెవరో ఇందులో ఉంది."

గంటమ్మ దాన్ని చేత్తో తాకనైనా లేదు. "అది జేబులో పెట్టుకోండి నాయనా. కార్డు పిల్లల్ని కనదు కదా. మీ వాడు చెప్పాలి."

నేను ఆయన్ని చూడటం లేదు. గేటు లోపలి పిల్లనే చూస్తున్నాను. ఆ పిల్ల కార్డు వైపు చూసింది. కార్డు తిరిగి జేబులోకి వెళ్ళడం చూసింది. గోడ దగ్గర పక్కపక్కన నిలబడ్డ ఇద్దరినీ చూసింది. అటు నుంచి నడిచి వచ్చి గంటమ్మ ఎదురుగా నిలబడింది, ఎవరూ పిలవకుండానే.

గంటమ్మ కూడా ఏమీ జరగనట్టే, "ఎవరొచ్చారూ?" అంది.

"మా అమ్మ."

గొంతు బొంగురుగా, తుప్పు పట్టిన తలుపులా వచ్చింది. గంటమ్మ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, నేను చూశాను. అయినా ఆవిడ గంటమ్మే.

"వినపడలా!"

"మా అమ్మ!" అని అరిచింది పిల్ల. "బస్సు నడిపే ఆవిడ మా అమ్మ! ఖాకీ చొక్కా మా అమ్మ! అదిగో!"

ఎదురుగా ఆఖరి స్టాపులో బస్సు ఆపుకుని కూర్చున్న డ్రైవరు హారన్ నొక్కి పట్టుకున్నాడు. వదిలితేనా! జనం చప్పట్లు కొట్టారు. మా తోడికోడలు నా భుజం మీద పడి భోరుమంది. హెడ్మాస్టరమ్మ కొడుకు కూడా హడలిపోయి, "మా నాన్నే, మా నాన్నే!" అనేశాడు. స్టీరింగమ్మ పిల్లని ఎత్తుకుంది, తొమ్మిదేళ్ళ పిల్ల అని చూడకుండా. ఆ రోజు వీధిలో వాళ్ళ వెనక గంటమ్మ లేదు, మేమందరం ఉన్నాం.

ఇప్పుడా పిల్ల పొద్దున ప్రార్థన అయ్యాక మైకులో వార్తలు చదువుతోంది. లెక్కల్లో క్లాసుకి రెండోది. మొదటి వాడితో రోజూ కొట్లాట. కళ్ళద్దాలాయన నాకు కొత్త అద్దాలు అరగదీసి ఇచ్చాడు, ఎదురింటి మేడ ఇప్పుడు ఇంకా బాగా కనిపిస్తోంది. స్టీరింగమ్మ ఎక్స్‌ప్రెస్ రూటు తిరిగి ఇస్తామన్నా తీసుకోలేదు.

ఇంత తెలిసినా నాకు ఒక్క ముల్లు మిగిలిపోయింది. మిగతా బళ్ళలో ఒకటి రెండు చోట్ల అసలు గేటు దగ్గర ఎవరూ ఏమీ అడగరని తనే చెప్పింది. మరి ఇంత సతాయించే గేటుకి, అదీ మాటరాని పిల్లతో, ఎందుకొచ్చినట్టు? నిన్న డ్యూటీ దిగి వస్తుంటే పట్టుకున్నాను.

"అమ్మాయ్, ఇవాళ తప్పించుకోవడానికి లేదు. బస్సాపి నాలుగు నిమిషాలు చూశావు కదా. మా గేటులో ఏం చూసి వచ్చావు?"

ఆవిడ సంచి ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుంది.

"అక్కడ, ఆ పాత బడి గేటు దగ్గర, నన్ను ఒక్కదాన్నే ఆపేవాళ్ళు పెద్దమ్మా. ఇక్కడ అందర్నీ ఆపుతున్నారు."