శర్మగారి చేతులూ, రెండు పాత కార్లూ

2021 వర్షాకాలం. కరోనా రెండో విడత తగ్గి, తాడేపల్లిగూడెం మార్కెట్ యార్డు మళ్ళీ లారీలతో నిండుతున్న రోజులు. స్టేషన్‌కు దగ్గర్లో నాకు చిన్న ఫిజియోథెరపీ క్లినిక్ ఉంది. ఉదయం పూట అక్కడికి వచ్చేవాళ్ళను చూసి, మధ్యాహ్నం నుంచి మంచం దిగలేనివాళ్ళ ఇళ్ళకు స్కూటీ మీద వెళ్ళేదాన్ని. ఆ నెలల్లో నా దగ్గరికి వచ్చినవాళ్ళలో ఎక్కువమంది కోవిడ్ తగ్గాక కూడా ఆయాసం వదలనివాళ్ళే. సుబ్రహ్మణ్య శర్మగారిది మాత్రం వేరే జబ్బు.

ఆయన పురోహితులు. యాభై దాటిన మనిషి. గూడెం నుంచి ఉండి ఊరి వరకూ, అటు కొల్లేరు పక్క ఊళ్ళ వరకూ పెళ్ళిళ్ళు, గృహప్రవేశాలు చేయించేవారు. ఒక వారం విరేచనాలతో నీరసపడ్డారు. అవి తగ్గాయనుకుంటుండగా కాలివేళ్ళు మొద్దుబారాయి. ఒక గృహప్రవేశంలో పీట మీద నుంచి లేవబోతే కాళ్ళు లేవలేదు. ఇద్దరు పట్టుకుని లేపారు. సాయంత్రానికి చేతులు కూడా పడిపోయాయి. ఏలూరులో ఆసుపత్రిలో చేర్చేసరికి ఊపిరి కష్టమై వెంటిలేటర్ పెట్టాల్సి వచ్చింది.

దాన్ని గిలన్ బారీ సిండ్రోమ్ అంటారు. మేము జీబీఎస్ అని పిలుస్తాం. రోగాలతో పోరాడాల్సిన ఒంటి శక్తి దారితప్పి సొంత నరాల మీదే పడుతుంది. మెదడు లెమ్మంటుంది, ఆ మాట కాలిదాకా చేరదు. జబ్బు పాదాల దగ్గర మొదలై గబగబా పైకి పాకుతుంది. తగ్గేటప్పుడు మాత్రం నెలల తరబడి నెమ్మదిగా దిగుతుంది. చివరగా వదిలేది వేళ్ళనూ పాదాలనూ. చాలామంది నడుస్తారు. అందరికీ అంతా తిరిగి రాదు.

ఆసుపత్రి నుంచి ఇంటికి పంపాక నేను మొదటిసారి వెళ్ళినప్పుడు ఆయన హాల్లో మంచం మీద పైకప్పు చూస్తూ పడుకుని ఉన్నారు. ఆయన భార్య కామేశ్వరిగారు స్పూనుతో మజ్జిగ తాగిస్తున్నారు. నన్ను చూసి ఆయన మొహం అటు తిప్పుకున్నారు. భార్య తాగిస్తుండగా పరాయి మనిషి కంటపడటం ఆయనకు ఇష్టం లేదని అర్థమైంది.

చేతిలో స్పాంజి బంతి పెట్టి నొక్కమన్నాను. బంతి జారి మంచం కిందికి దొర్లింది.

"ఇంకోసారి చూద్దామండి."

"చూసి ఏం చేస్తామమ్మా," అన్నారు. గొంతులో విసుగు కూడా లేదు.

కొన్ని వారాలు అలాగే గడిచాయి. చెప్పింది చేసేవారు, మనసు పెట్టేవారు కాదు. నరం తిరిగి పెరగడం ఒక ఎత్తు, పెరిగిన నరానికి పని నేర్పడం ఇంకో ఎత్తు. రెండోదానికి మనిషి ఒప్పుకోవాలి. ఆయన ఒప్పుకోలేదు.

ఒక మధ్యాహ్నం నేను ఆయన మోకాలు వంచుతుండగా పెరటి వైపు నుంచి కామేశ్వరిగారు వచ్చారు.

"ఏవండీ, షెడ్డులో ఎలక చచ్చినట్టుందండీ. ఒకటే వాసన."

శర్మగారు తల ఎత్తారు. దిండు మీద నుంచి ఆయనంతట ఆయన తల ఎత్తడం నేను చూడటం అదే మొదలు.

"ఏ బండిలో?"

"నాకేం తెలుసండీ. తలుపు తీస్తేనే కొడుతోంది."

"వైర్లు కొరికేసుంటాయి," అన్నారు. తర్వాత నా వైపు తిరిగి, "నన్ను అక్కడికి తీసికెళ్ళగలరా అమ్మా?" అని అడిగారు.

చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి, కామేశ్వరిగారూ నేనూ కలిసి పెరట్లోకి తోసుకెళ్ళాం. రేకుల షెడ్డులో రెండు పాత కార్లున్నాయి. తెల్ల అంబాసిడర్ ఆయన ముహూర్తాలకు తిరిగే బండి. పక్కన లేత ఆకుపచ్చ ఫియట్. దాని కథ ఆ రోజే కామేశ్వరిగారు చెప్పారు. ఉండి దగ్గర ఒక చేపల చెరువు గట్టు మీద టైర్లు లేకుండా, లోపల మేత బస్తాలతో పడి ఉంటే, గృహప్రవేశానికి వెళ్తూ చూశారట. ఇంటివాళ్ళు ఇస్తామన్న సంభావన వద్దని, ఆ బండి అడిగి తెచ్చుకున్నారట. ఏళ్ళ తరబడి తీరిక దొరికినప్పుడల్లా పంచె ఎగగట్టి, ఒక్కో భాగం విప్పి తుడిచి బిగించి, చివరికి నడిపించారు. కుర్రతనంలో పక్కింటి మెకానిక్ షెడ్డులో నేర్చుకున్న విద్య అది.

సీట్ల మీద బూజు పట్టింది. బ్యాటరీ చచ్చిపోయింది. ఎలక అంబాసిడర్ వెనక సీటు కింద దొరికింది. శర్మగారు రెండు బండ్లనూ చాలాసేపు చూసి, "నాతో పాటు ఇవీ పడ్డాయి," అన్నారు.

మర్నాటి నుంచి వ్యాయామం షెడ్డులోకి మార్చాను. నాకు కార్ల గురించి ఏమీ తెలియదు. ఆయన చెప్పేవారు, కామేశ్వరిగారు చేసేవారు, నేను ఆయన నడుము నిలబెట్టి పట్టుకునేదాన్ని. బ్యాటరీ టెర్మినల్స్ మీద పేరుకున్న తెల్లటి పొడి వేడినీళ్ళతో కడగడం, బానెట్ కింద ఎలకలు పోగేసిన చెత్త తీయడం, కార్బొరేటర్‌కి గాలి అందించే ఎయిర్ క్లీనర్ విప్పి దులపడం ఆవిడ పనులయ్యాయి. ఆ వయసు వచ్చేవరకూ ఆవిడ స్పానర్ ముట్టుకోలేదు. తప్పులు జరిగేవి. ఆయనకు ఓపిక ఉండేది కాదు.

"అటు కాదే! ఎడమ వైపు తిప్పు. ఎన్నిసార్లు చెప్పాలి?"

రెండు రోజులు ఆవిడ మాటలు పడ్డారు. మూడోసారి ఆయన గొంతు పెంచేసరికి స్పానర్ కింద పెట్టేశారు.

"మీ దగ్గర మంత్రం నేర్చుకునేవాళ్ళు స్వరం తప్పితే ఇలాగే కసురుతారాండీ? వాళ్ళకి నవ్వుతూ పదిసార్లు చెప్తారు కదా. నాకు మాత్రం చెప్పకూడదా?" అన్నారు. కళ్ళలో నీళ్ళున్నాయి. "మీరు మంచం మీద పడ్డ దగ్గర్నుంచి మీ ఒంటికి చేసేవన్నీ నేర్చుకున్నాను. ఇదీ నేర్చుకుంటాను. కానీ అరవకండి."

ఆయన కింద పెట్టిన స్పానర్ వైపు చూశారు. తర్వాత, "నా చెయ్యి దాని మీద పెట్టు," అన్నారు. ఆవిడ ఆయన వేళ్ళను తీసి ఎయిర్ క్లీనర్ మీది రెక్కల నట్టు మీద పెట్టి, పైన తన చెయ్యి ఆనించారు. ఇద్దరూ కలిసి తిప్పారు. నట్టు కదిలింది. ఆ రోజు ఆయన బొటనవేలి దగ్గరి కండరం బిగుసుకోవడం నేను కళ్ళారా చూశాను. స్పాంజి బంతితో అన్ని వారాలు ప్రయత్నించినా అది రాలేదు.

సంక్రాంతి దాటేసరికి కర్ర పట్టుకుని నాలుగడుగులు వేస్తున్నారు. స్పార్క్ ప్లగ్ టోపీ లాగి పెట్టగలుగుతున్నారు. కొత్త బ్యాటరీ వేయించారు. ఫియట్ స్టార్ట్ అయిన రోజు వీధిలోవాళ్ళు వచ్చి చూశారట. ఆ సమయంలో నేను అక్కడ లేను. మర్నాడు వెళ్ళేసరికి ఆయన అరచేతికి కట్టు ఉంది.

"ఏమైందండీ?"

ఆయనే చెప్పారు.

"ఇంజన్ ఆపాక పట్టుకోసం చెయ్యి ఆనించాను. అది సైలెన్సర్ గొట్టం. మంట తెలియలేదమ్మా. వాసన వచ్చి చూసుకున్నాను."

కండరానికి బలం రావడం, చర్మానికి స్పర్శ రావడం రెండూ ఒకేసారి జరగవు. ఆయనకు బలం ముందొచ్చింది. వేడి వస్తువుల సంగతి ముందే చెప్పాను, కానీ ఇంజన్ మోగిన సంతోషంలో ఆ జాగ్రత్త ఎవరికి గుర్తుంటుంది? నేను కట్టు విప్పి చూస్తుంటే ఆయన మెల్లగా అన్నారు:

"హోమం చేయించేటప్పుడు వేడి చేతికే తెలుస్తుందమ్మా. సమిధ ఎప్పుడు వెయ్యాలో, చెయ్యి ఎప్పుడు తియ్యాలో కళ్ళతో చూడక్కర్లేదు. అగ్ని తెలియని చేతులతో నేనేం పౌరోహిత్యం చేస్తాను?"

తప్పకుండా వస్తుందని అనేయడం తేలిక. అది నాకు తెలియదు. "ప్రయత్నం చేద్దామండి. వస్తుందో రాదో ఇప్పుడే చెప్పలేను," అన్నాను.

పుండు మానేవరకూ ఆగి సెన్సరీ రీఎడ్యుకేషన్ మొదలుపెట్టాం. అంటే చర్మానికి మళ్ళీ గుర్తుపట్టడం నేర్పడం. కళ్ళు మూసుకుని చేతిలో పెట్టింది ఏమిటో చెప్పాలి. నేను క్లినిక్ నుంచి తెచ్చిన చెక్క ముక్కలు పక్కన పెట్టి, వాషర్, ప్లగ్, నట్టు, రబ్బరు గొట్టం ముక్క ఇచ్చేదాన్ని. ఒక గిన్నెలో చన్నీళ్ళు, ఒక గిన్నెలో గోరువెచ్చని నీళ్ళు పెట్టి, కామేశ్వరిగారు మోచేత్తో చూసి సరే అన్నాకే ఆయన వేళ్ళు ముంచేవారు. ఇంజన్ పూర్తిగా చల్లారాకే ముట్టుకోవాలని ఆవిడ కట్టడి చేశారు. నెలలు గడిచాయి. ముందు తిమ్మిర్లు, తర్వాత పోట్లు వచ్చాయి. పోట్లు రావడం మంచిదేనని నేను చెబితే, ఆయన పళ్ళు బిగించి సరేనన్నారు.

ఎండలు ముదిరాక ఒక రోజు కామేశ్వరిగారు బ్యాటరీ టెర్మినల్స్ మీద వేడినీళ్ళు పోస్తున్నారు. ఆయన పక్కనే నిలబడి పాతగుడ్డతో తుడుస్తున్నారు. కొన్ని చుక్కలు ఎగిరి ఆయన చేతి మీద పడ్డాయి. చెయ్యి వెనక్కి లాక్కున్నారు.



"కాలింది," అన్నారు ఆయన. తర్వాత భార్య వైపు తిరిగి, "కామేశ్వరీ, కాలిందే! ఇంకోసారి పొయ్యవే," అన్నారు.

"నేను పొయ్యనండీ," అని ఆవిడ చెంబు కింద పెట్టి, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చారు. ఆయన ఆ ఎర్రబడిన చోటు వేలితో తడుముకుంటూ నిలబడిపోయారు.

ఇక్కడితో అయిపోతే బాగుండేది. ఏడాది దాటింది. చేతులు చాలావరకు వచ్చాయి. ఎడమ కాలు వచ్చింది. కుడి పాదం రాలేదు. ముందుభాగం పైకి లేవకుండా వేలాడిపోయే ఫుట్ డ్రాప్ మిగిలింది. ప్లాస్టిక్ ఊత తొడిగితే నడుస్తారు. కానీ ఆ పాదం ఎక్కడుందో చూస్తే తప్ప ఆయనకు తెలియదు.

"బండి నడపగలనా?" అని అడిగారు ఒక రోజు. చూద్దామన్నాను. ఇంజన్ స్టార్ట్ చెయ్యకుండా ఫియట్‌లో డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టాను. తలుపు తీసి పక్కన నేలమీద కూర్చుని పాదం వైపు చూస్తూ చెప్పాను.

"కళ్ళు మూసుకోండి. బ్రేకు నొక్కండి."

నొక్కారు.

"కాలు ఎక్కడుందండీ?"

"బ్రేకు మీద."

ఆయన కళ్ళు తెరిచి కిందికి చూసుకున్నారు. పాదం యాక్సిలరేటర్ మీద ఉంది. ఇంకోసారి చేశారు. అప్పుడూ అంతే. మూడోసారి చేస్తానని ఆయన అనలేదు, చెయ్యమని నేనూ అనలేదు.

స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టుకుని కాసేపు ఎదర గోడ వైపు చూశారు.

"ఈ వీధిలో పిల్లలు ఆడుకుంటారు," అని దిగిపోయారు. ఊత ఉన్న కాలు ముందు పెట్టి, తలుపు చప్పుడు కాకుండా వేశారు. ఆ పూట ఇంకేమీ చెయ్యలేదు.

అంబాసిడర్‌ని ఏలూరులో పెళ్ళిళ్ళకు కార్లు తిప్పే ఒకాయనకు ఇచ్చేశారు. తీసుకెళ్ళే రోజు శర్మగారే దగ్గరుండి నూనె, నీళ్ళు చూశారు. ఫియట్‌నీ ఎవరికైనా ఇచ్చెయ్యాలన్న మాట వచ్చినప్పుడు కామేశ్వరిగారు లేచారు. వెళ్ళి డ్రైవర్ సీట్లో కూర్చున్నారు.

"చూపించండి," అన్నారు.

ఆయన బండి చుట్టూ తిరిగి అవతలి సీట్లో కూర్చోవడానికి చాలాసేపు పట్టింది. కూర్చున్నాక, "ముందు అద్దం సరిచేసుకో," అన్నారు, ఏ మాత్రం గొంతు పెంచకుండా.

ఆవిడ లైసెన్సు తెచ్చుకున్నారు. ఇప్పుడు ముహూర్తాలకు ఆవిడే తీసికెళ్తున్నారు. అయితే పూర్వం ఉన్నన్ని లేవు. కింద పీట మీద కూర్చోలేక ఎత్తుపీట వేసుకుని చేయించే పురోహితుణ్ణి కొందరు ఒప్పుకోలేదు. ఆయన నాన్నగారి కాలం నుంచి పిలిచే ఇళ్ళవాళ్ళే కొందరు వేరేవాళ్ళను పెట్టుకున్నారు. ఆ సంగతి ఆయన నాతో చెప్పలేదు, కామేశ్వరిగారు చెప్పారు. పిలిచినవాళ్ళ ఇంట మాత్రం హోమం దగ్గర ఆయన చేతులు ఎప్పటిలాగే ఉంటాయని కూడా ఆవిడే చెప్పారు.

ఫిజియోథెరపీలో మేము ప్రతి రోగికీ ఒక లక్ష్యం రాసుకుంటాం. చెంచా పట్టుకోవాలి, మెట్లెక్కాలి, సొంతంగా బట్టలు వేసుకోవాలి. అవి అందరికీ కావాల్సినవే, అందుకే ఎవరినీ అడక్కుండా రాసేస్తాం. శర్మగారి కేసు తర్వాత నేను అడిగి రాస్తున్నాను. తిరిగి రానిదాని గురించి అడిగినప్పుడు రాదనే చెబుతున్నాను. ఆ మాట తట్టుకోవడానికి మనిషి చేతిలో అప్పటికే తనదనే పని ఒకటి ఉండాలని కూడా ఆయన దగ్గరే తెలిసింది.

మొన్న కొల్లేరు లంక ఊరి నుంచి పక్షవాతం వచ్చిన ఒకావిడను తీసుకొచ్చారు. చేపల చెరువుల మీద పనిచేసిన మనిషి. కుడి చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"ఈ చెయ్యి మళ్ళీ ఏ పని చేస్తే బాగుంటుందమ్మా మీకు?" అన్నాను.

తోడు వచ్చిన కొడుకు, "అన్నం తింటే చాలండి," అన్నాడు.

ఆవిడ తల అడ్డంగా ఊపింది. మాట ఇంకా సరిగా తిరగడం లేదు. ఎడమ చెయ్యి ఎత్తి, తన జుట్టు పట్టుకుని మూడు పాయలుగా విడదీసి చూపించింది.

"మనవరాలికి," అంది.

కొట్టుకు మనిషిని పంపి ఊలు తెప్పించాను. మూడు పాయలు చేసి బల్ల అంచుకు కట్టి, ఆవిడ కుర్చీని దగ్గరికి జరిపాను.