ప్రేమయ్య కోళ్ల గంప

ప్రేమయ్యకు ఉన్నది ఒకే ఒక్క పిచ్చి. ఇంటికి మనిషి రాగానే కూర్చోమనడు, మంచినీళ్లివ్వడు. ముందు కోళ్ల గంప తెచ్చి బల్ల మీదున్న మాటల పెట్టె మీద బోర్లిస్తాడు.

ఆ పెట్టెను కూతురు స్తుతి కొనిపెట్టింది. పేరు పెట్టి పిలిస్తే పాట పాడుతుంది, ఎండెంతో చెబుతుంది. విన్న మాటను దాచుకుంటుంది కూడా. ఆ చివరి సంగతి తెలిసిన రోజు నుంచే ఈ గంప. ఊరికే మూస్తాడా? దాన్ని పేరుతో పిలిచి మరీ సెలవడుగుతాడు.

"ఏమీ అనుకోవాకమ్మా, కాసేపు మూస్తాండా."

తర్వాత ప్లగ్గు పీకేస్తాడు.

"ప్లగ్గు పీకినాక గంపెందుకు నాయనా? అందరూ నవ్వుతాండారు" అనేది స్తుతి.

"నవ్వనీలే."

ఎమ్మిగనూరు దాపున ఆ పల్లె మొత్తం నవ్వింది. కానీ ఆయన చర్చిలో సంఘపెద్ద. ఏ కులం ఇంట్లో గొడవైనా ఆయన దగ్గరికే వచ్చేవారు. నవ్వుకుంటూ వచ్చినవాళ్లే, గంప బోర్లించగానే కడుపులోదంతా చెప్పుకుని పోయేవారు.

పోయినేడు శివలీల అలాగే వచ్చింది, మొగుడు ఉరుకుందు కొట్టి వెళ్లగొట్టిన పొద్దున. చంకలో రెండేళ్ల హర్షిణి. "ఈ బిడ్డ నాకొద్దు పెదనాయనా, యాడన్నా ఇచ్చేయి" అని తల బాదుకుంది. ఆ వెంటనే బిడ్డను కరుచుకుని వెక్కివెక్కి ఏడ్చింది. పాపం, ఏ తల్లికి రాదు అలాంటి ఘడియ?

ఇప్పుడు బిడ్డ నాకే కావాలని ఉరుకుందు కోర్టుకెక్కాడు. ఆ పొద్దు ఆమె ఏం మాట్లాడిందో ప్రేమయ్య పెట్టెలో ఉంటుందని వాళ్ల లాయరు గోపీనాథ్ అర్జీ పెట్టాడు. కోర్టు సరేనంది. శివలీలకు ముద్ద దిగలేదు. తనన్న మాట తనకు గుర్తుంది కదా!

ఆదోని కోర్టులో ఆ నెల రికార్డింగులన్నీ వినిపించారు.

"ఏమీ అనుకోవాకమ్మా, కాసేపు మూస్తాండా."

రెండోదీ అదే. మూడోదీ అదే. మొత్తం నలభై ఒక్కటి, అన్నీ అదే మాట. వచ్చిందెవరో పేరైనా లేదు. పదోదానికి జడ్జిగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. బంట్రోతు నవ్వాపుకోలేక బయటికి పోయాడు.

సాక్షిగా వచ్చిన ప్రేమయ్య మీద గోపీనాథ్‌కు ఒళ్లు మండింది. "ప్లగ్గు పీకితే చాలు గదా! మళ్లా గంపెందుకు?"

"ప్లగ్గు పీకింది ఏడ్చే మనిషికి కనపడదు సార్. గంప కనపడుతుంది."



"ఆ పొద్దు ఈమె ఏం చేసింది?" అని జడ్జిగారే అడిగారు.

"బిడ్డను కరుచుకుని ఏడ్చింది సార్. నేను కాసేపు ఎత్తుకుంటానన్నా ఇయ్యలేదు."

హర్షిణి తల్లి దగ్గరే ఉండాలని తీర్పొచ్చింది. ఆ సాయంత్రం శివలీల బిడ్డనెత్తుకుని వచ్చింది. ప్రేమయ్య మామూలుగానే పెట్టెను సెలవడిగి, ప్లగ్గు పీకి, గంప బోర్లించాడు. ఆమె తల దించుకుంది.

"పెట్టె సరే పెదనాయనా. నేనన్న మాట నీకు గుర్తుండాది గదా?"

ప్రేమయ్య పెట్టె మీది గంప తీసి తన నెత్తిన బోర్లించుకున్నాడు. హర్షిణి కిలకిలా నవ్వింది.

"యా మాటమ్మా?" అన్నాడు గంపలోంచి.