తువ్వాలు దించిన మలుపు

మా ముత్తాత తండ్రి ఊరి మునసబు. ముత్తాత మునసబు. తాత కూడా మునసబే, ఆఖరి మునసబు. ఆ పదవులు రద్దయినప్పుడు ఊరి దస్తరాలన్నీ బండికెత్తించి, తాను బండి వెనకే తాలూకా ఆఫీసు దాకా నడిచి, అప్పగించినట్టు రసీదు రాయించుకొని వచ్చాడు. ఆ రసీదు ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. కర్నూలు జిల్లా పొలిమేర దాటి కడప జిల్లాలో కాలుపెట్టే చోట మా ఊరు. రెండు జిల్లాల అధికారులూ మా వసారాలోనే దిగేవాళ్ళు. పోలీసులు ఊళ్ళోకి రావాలంటే ముందు మా ఇంటికి కబురు పంపేవాళ్ళు. ఇది గొప్పకు చెప్పడం లేదు. ఉన్నదే చెబుతున్నాను.

తిరునాళ్ళలో బండలాగుడు పోటీలకు మా ఎద్దులు దిగేవి. పెద్ద రాతిబండకు గొలుసు వేసి ఎద్దుల జతకు కడతారు. ఇచ్చిన నిమిషాల్లో ఎవరి జత ఎక్కువ దూరం లాగితే వాళ్ళు గెలిచినట్టు. ఎద్దులు మావి, వాటి వెంట పరుగెత్తి తోలేది మా జీతగాడు. మా తాత బరి అంచున తువ్వాలు పట్టుకొని నిలబడేవాడు. డప్పుల మోతలో, ఈలల్లో మాట వినపడదు. అందుకని తువ్వాలు పైకెత్తితే తోలమని, మోకాలి కిందికి దించితే ఎద్దులకు ఊపిరి తిప్పుకోనివ్వమని గుర్తు. జీతగాడు పరుగెత్తుతూనే ఆ తువ్వాలు చూసేవాడు. తాత ఒక్కరోజు కూడా బరిలో కాలు పెట్టలేదు. దుమ్ములో పదిమంది ముందు పరుగెత్తడం మా ఇంటి పని కాదు.

అదంతా ఎలా పోయిందని అడిగేవాళ్ళకు నేను వివరం చెప్పను. బోర్లు, కోర్టులు, ఎన్నికలు. మా పక్క చాలా ఇళ్ళలో పోయినట్టే పోయింది. మా నాన్న మాత్రం ఇస్త్రీ చొక్కా లేకుండా గడప దాటడు. షేర్ ఆటోలో నలుగురి మధ్య ఇరుక్కొని కూర్చోవడం ఇష్టం లేక బస్టాండు దాకా రెండు మైళ్ళు ఎండలో నడుస్తాడు.

నేను కర్నూలులో చదువుకునే రోజుల్లో తుంగభద్ర ఒడ్డున ఇసుకలో పాత మోటారుసైకిలు బండి తోలడం నేర్చుకున్నాను. సెలవుల్లో ఎండిన మా ఊరి వంకలో, గట్ల మీద తోలాను. ఇరవై మూడేళ్ళ వయసుకు మోటోక్రాస్ పోటీల్లో మూడు కప్పులు గెలిచాను. మట్టి దిబ్బలు, గుంతలు, మలుపులు ఉన్న బాటలో ముప్పై మంది ఒక్కసారిగా బయలుదేరే పోటీ అది. తెచ్చిన కప్పులను నాన్న చేతిలోకి తీసుకోలేదు.

"తోలేవాడు వేరే, తోలించేవాడు వేరే. నువ్వు యాడ నిలబడుకోనుండావో చూసుకో" అన్నాడు ఒకసారి. అంతే.

పోటీలకు దిగిన నాలుగో ఏడాదికి నా బండి ఇంజను పని అయిపోయింది. అప్పుడు మా ఇంటికి ఆయన వచ్చాడు. మా ఎద్దులను తోలిన జీతగాడి కొడుకు. ఇంట్లో 'వాడు' అనేవాళ్ళం. ఇక్కడ 'ఆయన' అని రాస్తున్నాను. డోన్ దగ్గర నాపరాళ్ళ పాలిష్ ఫ్యాక్టరీ పెట్టి, టిప్పర్లు కొని, రేసుల పిచ్చితో ఒక టీమ్ కూడా పెట్టాడు. చెప్పులు వాకిట్లోనే విడిచాడు. నాన్న కుర్చీ చూపిస్తే కూర్చున్నాడు.

"అయ్యా, చిన్నయ్యకు బండి నేనిస్తా. మెకానిక్కు నా మనిషే. టైర్లు, పెట్రోలు, తిరుగుడు అన్నీ నావే. తోలేదొక్కటే ఆయప్ప పని."

"అంటే తోలేది నా కొడుకు, తోలించేది నువ్వు."

"అట్లనుకుంటే అట్లే అయ్యా."

నాన్న నవ్వలేదు, కోపపడలేదు. "కాఫీ తాగి పో" అని లోపలికి వెళ్ళిపోయాడు. ఒప్పుకున్నది నేను. ఆ బండి లేకపోతే నా రేసులు ఆ ఏడాదితో సరి. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

టీమ్‌లో అందరూ ఆయనను సార్ అనేవాళ్ళు. చిన్నప్పుడు నేను పేరు పెట్టి పిలిచేవాణ్ణి. ఇప్పుడు పేరు నోటికి రాదు, సార్ అసలే రాదు. ఆ రెండేళ్ళలో ఆయనను ఏమనీ పిలవకుండానే పని జరుపుకున్నాను.

ఫ్యాక్టరీ వెనక రాతిపొడి గుట్టల మీద సాధన. తెల్లటి పొడి కళ్ళలో, పళ్ళలో. మెకానిక్కు కర్నూలు పాతబస్తీ మనిషి, నోరు ఊరుకోదు.

"నడుము వంచు భాయ్! దిబ్బ ఎక్కేటప్పుడు ముందుకు వంగల్ల. నీకేమో ఎవరో ఫోటో తీస్తాండారన్నట్లు నిటారుగా ఉంటావు. మీ ఇంట్లో చిన్నప్పుడు కడ్డీలు తినిపించినారా ఏంది?"

రేసులో ఏ స్థానంలో ఉన్నానో, ఎన్ని చుట్లు మిగిలాయో అతను పలక మీద రాసి చూపించేవాడు. దుమ్ములో, పైగా గాగుల్స్ లోంచి, ఆ రాత నాకు కనిపించేది కాదు. అనంతపురం పక్క ఒక పోటీలో పలక పట్టుకొని ఎంత ఊపినా నేను చూడలేదు. తర్వాతి చుట్టులో ఆయన భుజం మీది తువ్వాలు తీసి పైకెత్తాడు. నేను వేగం పెంచాను. ఆ గుర్తు ఆయన నాకు చెప్పలేదు, నేను ఆయనను అడగలేదు. అది ఆయనకు వాళ్ళ నాన్న దగ్గర నుంచి వచ్చింది. నాకు చిన్నప్పుడు తాత పక్కన బరి అంచున నిలబడి చూసిన కళ్ళలోంచి వచ్చింది. ఆ రోజు గెలిచాం. ఆ రోజు నుంచి పలక పనిలేకుండా పోయింది. రేసులో గుర్తు గుర్తే కదా, ఎవరు చూపితే ఏముంది అని నాకు నేను చెప్పుకున్నాను.

రెండో ఏడాది ఆఖరి పోటీ కర్నూలు బయట ఎర్రగరుసు నేలలో పెట్టారు. వేసవి, మిట్టమధ్యాహ్నం. ట్యాంకరుతో నీళ్ళు కొట్టిన చోట పావుగంటకే దుమ్ము లేస్తోంది. ఆ రోజు రెండు రేసులు. మొదటిదాంట్లో రెండో దిబ్బ దిగేటప్పుడు పడ్డాను. లేచి ముగించాను గానీ ఎడమ మణికట్టు వాచింది. మోటోక్రాస్‌లో క్లచ్ ఎడమ చేతిదే. ఆ చెయ్యి పట్టు తప్పితే మలుపులో బండి మన మాట వినదు.

లెక్క సులభం. ఆ ఏడాది టైటిల్‌కు నాకు పోటీ ఒక్కడే, హోసూరు నుంచి వచ్చిన రైడరు. రెండో రేసు అతను గెలిచినా సరే, నేను మొదటి ముగ్గురిలో ఉంటే టైటిల్ నాది. నాలుగో స్థానానికి దిగినా, పడినా, అతనిది.

ఆయన నా గ్లవ్ తీయించి చెయ్యి పట్టుకొని చూశాడు.

"నొప్పి ఉండాదా?"

"లేదు."

"అబద్ధం చెప్పేకి గూడా నడుము నిటారుగా పెడతాండావే చిన్నయ్యా. సరే, విను. మూడో స్థానం చాలు. ఎనక నుంచి ఎవడన్నా వస్తే పోనీ. వాంతో నీకు పని ల్యా. అర్థమైందా?"

నేను తల ఊపాను. అప్పుడే మెకానిక్కు నా చెవి దగ్గరికి వంగాడు.

"భాయ్, ఆ మలుపు కాడ తాడు అవతల ఎవరో పెద్దాయన. తెల్లచొక్కా. నీ మాదిరే కడ్డీ మింగినట్లు నిలబడుకోనుండాడు. మీ నాయనేనా?"

నాన్నే. ఆరేళ్ళలో ఒక్క పోటీకీ రాలేదు. ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి వచ్చాడు. ఎండలో, నీడ లేని చోట, మా టీమ్ నిలబడే చోటుకు ఇరవై అడుగుల దూరంలో ఉన్నాడు. ఆయన కుర్చీ మోసుకొని పోయి నాన్న పక్కన వేయడం చూశాను. నాన్న కూర్చోలేదు.

బయలుదేరే గీత దగ్గర అడ్డుగేటు పడింది. మొదటి మలుపుకు నేను నాలుగో వాణ్ణి. రెండో చుట్టులో ఒకడు జారిపోయాడు. మూడో చుట్టులో ఇంకొకణ్ణి లోపలి పక్క నుంచి దాటాను. హోసూరు రైడరు ముందు, నేను రెండు. ఆరో చుట్టు దాకా మణికట్టు ఉన్నట్టే తెలియలేదు. ఏడులో తెలిసింది. పెద్ద దిబ్బ మీద నుంచి గాల్లోకి లేచి దిగినప్పుడు మోచేతి దాకా మంట పాకింది.

ఎనిమిదిలో వెనక ఇంజను శబ్దం దగ్గరైంది. మూడో స్థానంలో ఉన్నవాడు నన్ను పట్టేశాడు. వాడికి టైటిల్‌తో సంబంధం లేదు, ఉత్త రెండో స్థానం కావాలి వాడికి. మా టీమ్ నిలబడిన మలుపులో లోపలికి దూరబోయాడు. నేను దారి మూసేశాను. జనం అరిచారు. మలుపు దాటుతుంటే క్లచ్ మీద నా రెండు వేళ్ళూ జారాయి. బండి వెనక చక్రం పక్కకు పోయింది. కాలు నేలకు తన్ని నిలబెట్టుకున్నాను. ఇంకో జానెడు పోయి ఉంటే పడేవాణ్ణి. మిగిలినవి నాలుగు చుట్లు.

తొమ్మిదో చుట్టు. ఆ మలుపుకు వచ్చేసరికి తువ్వాలు కిందికి దిగి ఉంది. చూశాను, చూడనట్టు పోయాను. వాణ్ణి మళ్ళీ అడ్డుకున్నాను. మళ్ళీ వేళ్ళు జారాయి.

పదో చుట్టు. తువ్వాలు మోకాలి కింద ఉంది. ఆయన ఊపడం లేదు, అరవడం లేదు. చెయ్యి అలాగే దించి పట్టుకున్నాడు. నాన్న తాడు అవతల నిలబడి చూస్తున్నాడు. చూపు నా మీద లేదు, తువ్వాలు మీద ఉంది. అక్కడున్న వేలమందిలో ఆ గుర్తు ఎక్కడిదో తెలిసినవాళ్ళం ముగ్గురమే.

ఆ చుట్టు కూడా దారి ఇవ్వలేదు. దూరపు దిబ్బ దిగేటప్పుడు ఎడమ చెయ్యి హ్యాండిల్ మీద నుంచి పూర్తిగా లేచిపోయింది. ఒంటి చేత్తో నేలకు దిగాను. ఎలా పడకుండా ఉన్నానో ఇప్పటికీ చెప్పలేను. ఆ తర్వాత ఆ మలుపు దాకా ఉన్న దూరమంతా ఒకటే ఆలోచన. పడితే నాన్న కళ్ళ ముందు పడతాను. ఆగితే నాన్న కళ్ళ ముందే ఆగుతాను.

పదకొండో చుట్టు. తువ్వాలు అక్కడే ఉంది. నేను బండిని బయటి అంచుకు తీసుకొని, లోపలి దారి వదిలేశాను. వాడు దాటిపోయాడు. నా మీద పడిన మట్టి కూడా గుర్తుంది. జనం ఉసూరుమన్నారు. నాన్న వైపు చూడలేదు. మిగిలిన దూరం వెనక ఎవరూ లేకుండా, మూడో వాడిగా, నిదానంగా తోలి ముగించాను.

టైటిల్ నాదైంది. మెకానిక్కు నన్ను బండి మీద నుంచి దింపి ఎత్తుకున్నాడు. "చాంపియన్ సాబ్! ఆఖరికి ఒక మాట విన్నావు గదా!" అని ఏడుస్తూ నవ్వుతున్నాడు. నాన్న తాడు కింద నుంచి రాలేదు. వంగడం ఇష్టం లేక చుట్టూ తిరిగి గేటు దాకా పోయి లోపలికి వచ్చాడు.

"ఆ గుర్తు ఎవరిదో తెలుసునా నీకు?"

"తెలుసు."

"తెలిసే ఆగినావా?"

"తెలిసే."

నాన్న ఆయన వైపు తిరిగాడు. "మీ నాయన నీకు బాగా నేర్పినాడప్పా."

"మా నాయనకు మీ నాయన నేర్పినాడయ్యా" అన్నాడు ఆయన. ఎగతాళి లేదు ఆ గొంతులో. ఉన్నా బాగుండేది, నాన్నకు కోపపడే వీలు దొరికేది. నాన్న "బస్సుకు టైమైంది" అని బయలుదేరాడు. కప్పు ఇచ్చేదాకా ఆగలేదు. ఇంట్లో కూడా ఆ రోజు గురించి ఒక్క మాట అనలేదు. నాతో కలిసి భోజనం చేశాడు, మజ్జిగ వేయమన్నాడు, పేపరు చదివాడు.

దారి వదిలినందుకు నేను ఎప్పుడూ బాధపడలేదు. ఆ చేత్తో ఇంకో చుట్టు పోరాడితే పడేవాణ్ణి. ఆయన చెప్పింది సరైన మాట, నేను చేసింది సరైన పని. చెయ్యి బాగయ్యాక, కొత్త ఏడాది మొదటి సాధన రోజున, రాతిపొడి గుట్టల దగ్గర ఆయన మామూలుగా భుజం మీది తువ్వాలు తీసి పైకెత్తాడు. నేను బాట మధ్యలో బండి ఆపేశాను. స్టాండు వేసి, హెల్మెట్ తీసి, ఆయన దగ్గరికి నడిచాను.

"బండి తీసుకో. నేనింక తోలను."

"ఏమప్పా, నేనేం తప్పు చేసినా?"

"ఏమీ లేదన్నా."

అన్నా అని పిలవడం అదే మొదలు. ఆయన గమనించాడు. తువ్వాలు మళ్ళీ భుజం మీద వేసుకున్నాడు. మెకానిక్కు మాత్రం ఊరుకోలేదు. "టైటిల్ గెల్చినోడు బండి దిగిపోతాడా? పిచ్చి గిట్ల పట్టిందా నీకు? యాడికి పోతావు, ఎవరిస్తారు నీకు బండి?" అని ఫ్యాక్టరీ గేటు దాకా వెంట వచ్చాడు. వాళ్ళిద్దరికీ నేను చేసింది అన్యాయమే. అది తెలిసే చేశాను.

తర్వాత ఐదేళ్ళు సొంత బండి మీద తోలాను. ఇంకోసారి టైటిల్ గెలిచాను. ఒకసారి భుజం విరిగింది. బరి అంచున నా కోసం నిలబడే మనిషి లేడు. ఎన్ని చుట్లు మిగిలాయో నేనే లెక్కపెట్టుకున్నాను, రెండుసార్లు తప్పు లెక్కపెట్టాను కూడా.

బండి వదిలి వచ్చిన సాయంత్రం నాన్నకు చెప్పాను, రేసు బండి సొంతంగా కొనాలని.

"ఎవరి కింద?"

"ఎవరి కిందా కాదు."

"గెలుస్తావని నమ్మకం ఉండాదా?"

"చెప్పలేను."

లోపలికి పోయి, భూమి పాసుపుస్తకం తెచ్చి, నా ముందు పెట్టాడు. ఆ నెలలోనే వంక అవతలి ఆరెకరాల నల్లరేగడి సోలార్ కంపెనీకి అమ్మేశాం.