రెండుసార్లే కొట్టిన

దయ్యాల కథలంటే నాకు రోత. బొగ్గుబాయిల ఊళ్లో పుట్టాను. మూసేసిన బాయిల్లోంచి అరుపులు వినిపిస్తాయన్న వాళ్లను మొహం మీదే వెక్కిరించాను. కంప్యూటర్లతో బతికేవాణ్ణి, ప్రతిదానికీ ఒక కారణం ఉంటుందనుకునేవాణ్ణి. ఈ ఒక్కదానికి దొరకలేదు.

గోదావరిఖని దగ్గర ఒక బాయిలో కంప్యూటర్లు చూసే కాంట్రాక్టు నాది. బాయి పేరు రాయను. అక్కడి ల్యాంపు రూములో దేవదానం అన్న ఉండేవాడు. లోపలికి దిగే ప్రతి మనిషికీ తలకు పెట్టుకునే దీపం ఇచ్చి పేరు కంప్యూటర్‌లో ఎక్కించడం, పైకి వచ్చాక దీపం తీసుకుని పేరు కొట్టేయడం ఆయన పని. లోపల ఎవరున్నారో చెప్పేది ఆ లెక్కే.

ఆ లెక్క ఉండే సర్వరు లినక్స్. తప్పు పాస్‌వర్డ్ ఎన్నిసార్లు కొడితే ఖాతాకు తాళం పడాలో అందులో ఒక సెట్టింగు ఉంటుంది. మాకు ఐదు. భద్రత పెంచమని పైనుంచి మాట వస్తే దాన్ని రెండు చేశాను. తాళం నేను తీస్తేనే ఊడేలా పెట్టాను. ఎవరికీ చెప్పలేదు. పెద్ద పని చేసినట్టు ఆ పూట మురిసిపోయాను కూడా.

మర్నాడు మొదటి షిఫ్టు వేళకు దేవదానం అన్న ఫోన్ చేశాడు.

"రాజేశం, ఇది నన్ను లోపటికి రానిస్తలేదు. రెండుసార్లే కొట్టిన. షిఫ్టోళ్లు నెత్తిమీద నిల్చున్నరు, జల్ది రా."

"గట్లెట్లయితది అన్నా? ఐదుంటయ్. నీ వేళ్లు సక్కగ చూసుకో. నాస్తా చేసి వస్త."

సెట్టింగు సంగతి నాకు గుర్తొచ్చింది. అయినా గట్లనే అన్నాను. తాపీగా తిన్నాను.

నేను వచ్చేలోపు ఆయన లెక్కంతా చేత్తో రాశాడు. ఒకతను ఒంట్లో బాగాలేక, బాయి దిగకుండానే దీపం తిరిగి ఇచ్చి దవాఖానకు పోయాడు. ఆ హడావిడిలో అతని పేరు కొట్టేయడం మరిచిపోయాడు అన్న. షిఫ్టు అయిపోయి అందరూ పైకి వచ్చాక లెక్కలో ఒక మనిషి తక్కువయ్యాడు. అతని ఫోను మూగపోయి ఉంది. వెతకడానికి మనుషులు మళ్లీ లోపలికి దిగారు. అతని భార్య వచ్చి బాయి గేటు దగ్గర గుండెలు బాదుకుంది. చీకటి పడ్డాక అతను దవాఖాన మంచం మీద దొరికాడు.

విచారణకు ముందే నేను రెండును ఐదు చేశాను. మార్చిన గుర్తులు చెరిపేశాను. అధికారి చూసి, "ఐదుసార్లు తప్పు కొట్టిండంటే తాగి వచ్చిండేమో" అన్నాడు. దేవదానం అన్న చుక్క ముట్టని మనిషి. ఆ గదిలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

బయట ఆయన నాతో ఒక్కటే అన్నాడు. "రెండుసార్లే కొట్టిన రాజేశం. నీకెరుకే."

ఆయన్ని ల్యాంపు రూము నుంచి తీసేశారు. ఆ మచ్చ పోకముందే, ఆ వానాకాలంలోనే గుండె ఆగి చనిపోయాడు.

సమాధి చేసి వచ్చిన మర్నాడు కొత్త గుమస్తా ఖాతాకు తాళం పడింది. రెండుసార్లే కొట్టానన్నాడు. సెట్టింగు తెరిచి చూస్తే రెండు. ఐదు చేశాను. తెల్లారి మళ్లీ రెండు. పాస్‌వర్డ్ నా ఒక్కడికే తెలుసు. అప్‌డేట్ల వల్లా కాదు, అన్నీ ఆపి చూశాను. ఐదు చేసి, నేనే తెరిచినా మారకుండా ఆ సెట్టింగు ఉండే ఫైలుకు తాళం వేశాను. తెల్లారి చూస్తే తాళం అట్లాగే ఉంది, ఫైలు చివరిసారి మారిన సమయం కూడా నేను మార్చినప్పటిదే ఉంది, లోపల అంకె మాత్రం రెండు. చివరికి కొత్త డిస్కులో అంతా మొదటినుంచి ఎక్కించాను. కొత్తదానిలో దానంతట అది మూడు ఉంటుంది. ఐదు చేసి ఇంటికి పోయాను. పొద్దున రెండు.

అప్పుడు దేవదానం అన్న ఇంటికి వెళ్లి వదినకు ఉన్నదున్నట్టు చెప్పాను. తిడుతుందనుకున్నాను.

"పాణం పోయే ముందు గూడ గదే అన్నడు తమ్మి, రెండుసార్లే కొట్టిన అని" అంది. "నేనే నమ్మలే. ముసలోనివైనవ్, వేళ్లు వణుకుతున్నయ్ నీకు అని తిట్టిన. ఇప్పుడు నేనేడికి పోయి చెప్పాలె?"

అక్కణ్ణుంచి నేరుగా ఆఫీసుకు పోయాను. జరిగినదంతా కాగితం మీద రాసి అధికారికి ఇచ్చాను. "పోయినోని ముచ్చట ఇప్పుడెందుకయ్యా, చాయ్ తాగు" అని దాన్ని సొరుగులో వేశాడు. చాయ్ అక్కడే వదిలేసి వచ్చాను. అందుకే ఇక్కడ రాస్తున్నాను. తప్పు దేవదానం అన్నది కాదు, నాది.

నిజం చెప్పాక అంకె మారుతుందేమోనని ఆశపడ్డాను. మారలేదు. ఎందుకో నాకు తెలియదు. తెలిసినవాళ్లనడిగితే వాళ్లూ తలలు గోక్కున్నారు. ఇప్పుడు దాన్ని ముట్టుకోవడం మానేశాను. నెలలో ఎవరో ఒకరి ఖాతాకు తాళం పడుతుంది. తినే అన్నం వదిలేసి పోతాను.

"రెండుసార్లే కొట్టిన అన్నా" అంటారు.

"అవును, రెండే" అంటాను.