మా ఇంటి ఇస్త్రీ

మా ముత్తాత కార్వేటినగరం సంస్థానంలో కోట కావలి దళానికి పెద్ద. ఎర్ర ఉన్ని కోటు, ఇత్తడి బొత్తాలు. ఆయన వీధిలో నడిస్తే అరుగుల మీద కూర్చున్నవాళ్లు లేచి నిలబడేవాళ్లు. మా తాత తెల్లవాళ్ల పటాలంలో సుబేదారు మేజరు, ఆయనది ఖాకీ. మా నాయన స్వతంత్రం వచ్చాక చేరి, ముదురాకుపచ్చ బట్టల్లో సుబేదారుగా పింఛను తీసుకున్నాడు. నేను మచ్చల బట్ట వేసుకుని హవల్దారుగా ఇంటికి వచ్చాను. తరానికో మెట్టు దిగామని మా బంధువులు నవ్వుతారు. నవ్వనీ. వాళ్లలో ఒక్కడికీ చొక్కా మడత నిలపడం చేతకాదు.

మా ఇంట్లో పటాలం బట్టలు ఆడవాళ్ల చేత ఉతికించరు, బయటికి వేయరు. ఎవరివి వాళ్లే ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసుకోవాలి. అన్నం వార్చిన చిక్కటి గంజి. తాత తెచ్చిన ఇత్తడి ఇస్త్రీపెట్టె, మూత మీద కోడిపుంజు బొమ్మ, లోపల చింతబొగ్గులు. తాత తన ఖాకీ నిక్కరును ఇస్త్రీ చేసి నేలమీద నిలబెట్టేవాడట. మనిషి లేకుండా అది నిలబడాలి. కూలితే మళ్లీ గంజి. నా కాలానికి నిక్కర్లు పోయి ప్యాంట్లు వచ్చాయి కాబట్టి నాయన పరీక్ష మార్చాడు. మడత మీద వేలు పెట్టి జర్రున లాగేవాడు. "వేలు తెగలేదు. మళ్లా చెయ్" అనేవాడు.

ఇప్పుడు తిరుపతి బస్టాండు బయట తోపుడుబండి మీద ఆ మచ్చల బట్ట కుప్పపోసి అమ్ముతున్నారు. ముప్పావు ప్యాంట్లు, టోపీలు, చంటిపిల్లల లాగులు. లాడ్జి కాపలావాడిదీ అదే, నీళ్ల క్యాన్లు మోసేవాడిదీ అదే. ఒకసారి ఆగి అడిగాను.

"ఇది ఎవురి గుడ్డో తెలుసునా నీకు?"

"మాదే సార్. తిరుప్పూరు సరుకు. ఎంత ఉతికినా రంగు పోదు."

కొట్టాలనిపించింది. ఇరవై రెండేళ్లు నేను ఒంటిమీద మోసిన బట్ట అది.

మొన్న ఆయుధపూజకు మా అబ్బాయి సెలవు మీద వచ్చాడు. వాడూ పటాలమే. ట్రంకుపెట్టెలోంచి కొత్త జత తీస్తే చూసి నాకు ఒళ్లు మండింది. మచ్చలు పోయి చిన్న చిన్న గళ్లు వచ్చాయి. చొక్కాను ప్యాంటులోకి దోపే పనే లేదు, బయటికి వేలాడుతుంది.

"ఇదేందిరా, సంతకు పోయేవాడి మాదిరి?"

"ఇప్పుడు అందురికీ ఇదే నాయనా. ఎండకు సల్లగా ఉంటాది. ఉతికి ఆరేసుకుంటే సాలు."

"ఇస్త్రీ?"

"అక్కర్లేదు."

అక్కర్లేదట! ఆయుధపూజనాడు మా ఇంట్లో కత్తులూ తుపాకులూ పెట్టరు, లేవు గనుక. తాత ఖాకీ నిక్కరు, నాయన చొక్కా, నా జత, వాటి పక్కన ఇస్త్రీపెట్టె. వాటికే పసుపు కుంకుమ. ఆ వరుసలో నలిగిన బట్ట ఎలా పెడతాను? వాడు స్నేహితుణ్ణి చూడటానికి బజారుకు వెళ్లగానే ఆ జత తీశాను. గంజి పెట్టి ఎండేశాను. బొగ్గులు రాజేశాను. ఎవరి బట్ట వాళ్లే అన్న నియమం తప్పింది నేనే.

పెట్టె ఆనించీ ఆనించగానే ప్లాస్టిక్ కాలిన కంపు కొట్టింది. చొక్కా వీపున, ఇస్త్రీపెట్టె ముక్కు ఆకారంలో, బట్ట కరిగి గాజులా మెరిసింది. నగరి మగ్గాల చప్పుడు వింటూ పెరిగినవాణ్ణి నేను. బట్ట అంటే నూలు. వేడికి లొంగాలి గానీ కరిగిపోతుందా? అది బట్టేనా?

వాడు వచ్చి చూశాడు.

"నాయనా, ఏం జేసినావు?"

"పటాలం గుడ్డకు ఏం జెయ్యాలో అదే జేసినా."

"గంజి పెట్టొద్దు, ఇస్త్రీ జెయ్యొద్దు అని కాలర్లో రాసుండాది గదా! ఉండేది రెండు జతలే. పోయినాక రెండూ సూపించాల."

"అంత ఏడుపెందుకు? పద తిరుపతికి. ఆడ కుప్పలు పోసి అమ్ముతాండారు."

"అది పాత గుడ్డ. ఇది బజార్లో అమ్మకూడదు, యాడా దొరకదు." కాసేపు ఆ మెరుపును వేలితో గీకి అన్నాడు, "నీకు కావాల్సింది అట్లా గుడ్డే గదా నాయనా."

పూజలో ఆ చొక్కా పెట్టలేదు. వాడు దాన్ని మడిచి ట్రంకుపెట్టె అడుగున వేసుకుని రైలెక్కాడు.

వారానికి ఫోన్ చేశాడు. నేనే అడిగాను.

"సూపించమన్నారా?"

"ఊఁ."

"ఏం జెప్పినావు?"

"నేనే కాల్చుకున్యానని జెప్పినా. తలా ఒక మాట అని నవ్వినారు. ఇంగ నా జీతంలో పట్టుకోని కొత్తది ఇస్తారు."

"నా పేరు జెప్పేదానికి నోరు రాలేదా?"

"ఏమని జెప్పేది? మా నాయన హవల్దారు, ఆయనకు ఇస్త్రీ రాదు అని జెప్పమంటావా?"

ఫోన్ పెట్టేశాను. పదిమంది మధ్య మావాడు ఇస్త్రీ చేతకానివాడిగా నిలబడ్డాడు. నాలుగు తరాల్లో మా ఇంట్లో ఎవరికీ రాని పేరు, నా చేతి తప్పుకు, వాడికి వచ్చింది. ఆ మిలమిలలాడే బట్ట నేసినవాణ్ణి తిట్టాను. దాన్ని సైనికుడికి తొడిగినవాళ్లను తిట్టాను. రెండు రోజులు అన్నం సహించలేదు. కోపం దిగలేదు, ఇప్పటికీ దిగలేదు.

కార్వేటినగరం పొలం తాత ఉండగానే పోయింది. ఇల్లు నాయన అమ్మాడు. ముత్తాత ఎర్ర కోటును పుత్తూరులో పెళ్లి బ్యాండువాళ్లు కొనుక్కున్నారు. మొన్న సోమవారం నేను ఇత్తడి ఇస్త్రీపెట్టెను చిత్తూరులో పాతసామాన్ల అంగడికి అమ్మేశాను.